పక్క చెరువు పేరు

కైకలూరు నుంచి ఏలూరు వెళ్లే బస్సులో ఒక కథ ఎక్కి కూర్చుంది. ఇప్పటికీ దిగలేదు. నరసింహమూర్తి గారి మేత దుకాణంలో కంప్యూటరు దగ్గర కూర్చునే లక్ష్మీదుర్గ, తాతాజీ గారు ఆసుపత్రిలో పడి ఉన్న సమయం చూసి, ఆయన రొయ్యల చెరువు ఫైలు తాళం తీసి వెంకట్రాజు గారికి చూపించిందట. తాతాజీకీ వెంకట్రాజుకీ ఎన్నాళ్లుగానో మాటల్లేవు. ఒకరు ఎదురొస్తుంటే ఇంకొకరు గట్టు మారతారు. అలాంటి మనిషికి ఊరికే చూపిస్తుందా? వెంకట్రాజు ఆ పిల్లకి స్కూటీ కొనిపెట్టాడట. బస్సు కొల్లేరు దాటేసరికి ఆ స్కూటీకి రంగు కూడా వచ్చేది. ఏలూరులో దిగే వేళకి వెంకట్రాజు కొడుకు మనసు కూడా ఆ పిల్ల మీద పడేది.

స్కూటీ ఉన్న మాట నిజమే. జీతం కూడబెట్టుకుని ఆమే కొనుక్కుంది. తక్కిన కథలోనూ నిజం ఉంది. తాతాజీ ఫైలు వెంకట్రాజు చూశారు. చూసినప్పుడు లక్ష్మీదుర్గ ఆ గదిలోనే ఉంది. బస్సులో చెప్పుకునేవాళ్లు అబద్ధమాడలేదు, తమకి తెలిసినంత వరకూ చెప్పుకున్నారు.

లక్ష్మీదుర్గది గుండుగొలను. తండ్రి పెదవేగి వైపు పామాయిల్ తోటల్లో గెలలు కోసే పనికి వెళ్లేవాడు. ఒకనాడు గెల జారి భుజం మీద పడింది. ఆ చెయ్యి మళ్లీ పైకి లేవలేదు. అప్పటికి ఆమె పాలిటెక్నిక్ చివరి ఏడాదిలో ఉంది. ఇంజనీరింగు చదవొద్దని ఇంట్లో ఎవరూ అనలేదు, చదవమనీ ఎవరూ అనలేదు. పరీక్షలు రాసిన నెలలోనే తాడేపల్లిగూడెంలో ఒక చిన్న ఆఫీసులో చేరిపోయింది. ఉల్లిపాయల వ్యాపారులకి బిల్లుల ప్రోగ్రాములు రాసిచ్చే ఆఫీసు అది.

మాట తక్కువ, చూపు ఎక్కువ అని అక్కడివాళ్లు ఆమెని ఆటపట్టించేవారు. ఆ చూపుకి ఒకటి పట్టుబడింది. వ్యాపారుల పాస్‌వర్డులన్నీ ఆ ఆఫీసు కంప్యూటరులో ఉన్నవి ఉన్నట్టు, ఎవరు చూసినా చదువుకునేలా పడి ఉండేవి. ఒకాయన పని మానేసి వెళ్తూ వాటిని వెంట తీసుకుపోయాడు. ఆ వారం అంతా మార్కెట్టులో ఒక కొట్టు ధరలు పక్క కొట్టుకి ముందే తెలిసిపోతుండేవి. యజమాని వెళ్లిపోయిన మనిషిని తిట్టాడు. లక్ష్మీదుర్గకి మాత్రం తప్పు ఆ మనిషిది ఒక్కడిదే అనిపించలేదు. తీసుకుపోవడానికి వీలుగా ఎవరు పెట్టారు? ఆ ప్రశ్న పట్టుకుని, దొరికిన పాఠాలు చదువుకుంటూ, రాసినది కొట్టేస్తూ, తాళాలు వేసే ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది.

కైకలూరులో నరసింహమూర్తికి అలాంటి మనిషే కావలసి వచ్చింది. ఆయన మేత దుకాణం వెనక నీళ్లు పరీక్ష చేసే ల్యాబు కూడా ఉంది. చుట్టుపక్కల రైతులు సీసాల్లో చెరువు నీళ్లు తెస్తారు, ల్యాబు ఫలితాలు కంప్యూటరులో ఎక్కుతాయి. రైతులు తాము ఏ రోజు ఏ మందు వేశారో, ఎంత మేత వేశారో ఫోనులోంచి అదే ఫైలులో రాసుకుంటారు. చెరువుకో ఫైలు. అన్నీ ఒకేచోట. అన్నిటికీ ఒకే పాస్‌వర్డు, అది దుకాణం ఫోను నంబరు. ఆ నంబరు బయట బోర్డు మీద బారెడు అక్షరాలతో రాసి ఉంది.

చెరువులో రొయ్యకి తెల్లమచ్చ రోగం వచ్చిందన్న కబురు రైతుకన్నా ముందు రొయ్యలు కొనేవాడికి తెలిస్తే ఏమవుతుందో ఆ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఒక వేసవిలో అదే జరిగింది. ధర పడిపోయిన రైతు వచ్చి, దుకాణం మెట్ల మీద కూర్చుని, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఆ ఏమీ అనకపోవడమే నరసింహమూర్తిని కదిలించింది. లక్ష్మీదుర్గని పిలిపించుకున్నారు.

ఆమె ఒక్కొక్కరికి ఒక్కో పాస్‌వర్డు పెట్టింది. ఎవరి ఫైలు వాళ్లదే. వరసగా తప్పు పాస్‌వర్డు కొడితే కాసేపు తలుపు మూసుకుపోతుంది. పాస్‌వర్డులన్నీ ఎక్కడ దాస్తావని నరసింహమూర్తి అడిగితే, దాచనని చెప్పింది. ఆయనకి అర్థం కాలేదు. దాచకపోతే సరైనదో కాదో ఎలా తెలుస్తుంది?

"బియ్యం మరలో ఆడిస్తే పిండి వస్తుంది కదండీ. ఆ పిండి చూసి గింజని మళ్లీ తయారుచెయ్యలేం. కానీ అవే బియ్యం తెచ్చి అదే మరలో ఆడిస్తే మళ్లీ అదే పిండి వస్తుంది. నేను పిండి ఒక్కటే దాస్తానండి. వాళ్లు వచ్చి బియ్యం పోసినప్పుడు, ఆడించి, రెండు పిండులూ ఒకటేనా అని చూస్తాను."

"ఇద్దరు ఒకే రకం బియ్యం తెస్తేనో?"

"అందుకే ఒక్కొక్కరి దాంట్లో వేరే వేరే ఉప్పు కలుపుతానండి. బయటినుంచి చూస్తే రెండూ ఒకటని తెలియదు."

"ప్రోగ్రాము రాస్తున్నావా, వడియాలు పెడుతున్నావా?" అని నరసింహమూర్తి నవ్వారు. తర్వాత అసలు సంగతికొచ్చారు. అన్ని ఫైళ్లూ తెరిచే తాళంచెవి ఒకటి తన దగ్గర ఉండాలన్నారు. దుకాణం తనది, కంప్యూటరు తనది, జీతమిచ్చేది తను. లక్ష్మీదుర్గ మెల్లిగా, అది ఆయన దగ్గర ఉంటే, కొనేవాళ్లు వచ్చి అడిగినప్పుడు లేదని ఆయన ఎలా చెప్పగలరని అడిగింది. నరసింహమూర్తి తరతరాల వ్యాపారి. లేదని నిజంగా చెప్పగలగడం ఎంత సుఖమో ఆయనకి వెంటనే అర్థమైంది. మళ్లీ అడగలేదు.

చిక్కు ఇంకోవైపు నుంచి వచ్చింది. రైతులు పాస్‌వర్డులు పెట్టుకున్నారు, పెట్టుకున్న సాయంత్రమే పక్క చెరువాయనకి చెప్పేశారు. సుందరరావు అనే రైతు తన పాస్‌వర్డుని జనరేటరు షెడ్డు తలుపు మీద సున్నంతో రాయించాడు. ఎవరికీ చెప్పకండి బాబాయిగారూ అని లక్ష్మీదుర్గ ఫోనులో బతిమాలితే, నేను చెప్పలేదమ్మా, రాశానంతే అన్నాడు.

ఆమెకి కోపమొచ్చింది. కోపమొచ్చినప్పుడు ఆమె అరవదు. వెళ్లి చూస్తుంది. స్కూటీ తీసుకుని సుందరరావు చెరువు గట్టు మీదికి వెళ్లింది. అక్కడ ఉండగానే కరెంటు పోయింది. నీళ్లు చిలికే ఏరేటర్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. సుందరరావు ఊళ్లో ఉన్నాడు. పక్క చెరువు మనిషి పంచె ఎగ్గట్టి గట్టు మీద పరుగెత్తుకొచ్చి, మొలతాడుకి కట్టుకున్న తాళంచెవితో సుందరరావు షెడ్డు తెరిచి, జనరేటరు తిప్పి, మళ్లీ తన చెరువుకి పరుగెత్తాడు. ఏరేటర్లు ఆగితే రొయ్యకి ఊపిరందదు. అందుకే ఆ ప్రాంతంలో ప్రతి షెడ్డుకీ రెండో తాళంచెవి పక్క చెరువాయన దగ్గర ఉంటుంది. అన్నదమ్ముల దగ్గర కాదు, అల్లుడి దగ్గర కాదు. పక్క చెరువాయన దగ్గర.

వీళ్లకి తాళం విలువ తెలియక కాదు, తాళమంటే వీళ్లకి అర్థం వేరు అని లక్ష్మీదుర్గ గట్టు మీదే నిలబడి అనుకుంది. తన ప్రోగ్రాములో సొంతదారుడు ఒక్కడే ఉన్నాడు, పక్కవాడు లేడు. తప్పు అక్కడుంది.

తిరిగొచ్చి అంతా మళ్లీ రాసింది. ప్రతి రైతూ పక్క మనిషి అని ఒక పేరు ఇవ్వాలి. పాస్‌వర్డు మాత్రం ఎవరికీ ఇవ్వక్కర్లేదు. అవసరం పడ్డప్పుడు ఆ పక్క మనిషి తన సొంత పాస్‌వర్డుతోనే వచ్చి, ఫలానా చెరువు ఫైలు కావాలని అడుగుతాడు. ఫైలు వెంటనే తెరుచుకోదు. సొంతదారుడి ఫోనుకి కబురు వెళ్తుంది. ఆయన వద్దంటే అంతటితో సరి. పావుగంటలో ఏ జవాబూ రాకపోతే ఫైలు తెరుచుకుంటుంది, ఆ ఒక్క రోజుకి. ఎవరు చూశారో, ఎప్పుడు చూశారో సొంతదారుడి ఫోనులో పడుతుంది. సొంతదారుడు ఎవరి పేరు ఇవ్వలేదో వాళ్లు వచ్చి అడిగితే ఎంతసేపైనా తెరుచుకోదు.

పేర్లు తీసుకునేటప్పుడు ఇంకో సంగతి బయటపడింది. రైతులు నలుగురిలో పేరు చెప్పడంలేదు. టీ తాగివస్తామని వెళ్లి, గది ఖాళీ అయ్యాక ఒక్కొక్కరే వచ్చి, గొంతు తగ్గించి చెబుతున్నారు. ఒకరి పేరు చెప్పడమంటే ఇంకొకరి పేరు చెప్పకపోవడం కదా. ఇంట్లో తెలిస్తే అన్నం దగ్గర మాట వస్తుంది. అందుకని లక్ష్మీదుర్గ అందరికీ మాటిచ్చింది. మీరిచ్చిన పేరు నా నోట రాదు, యజమానికి కూడా చెప్పను, ఆ పేరున్న మనిషికి కూడా చెప్పను అని.

తాతాజీ అందరికన్నా ఆఖర్న వచ్చారు. బక్కపలుచటి మనిషి, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుంటారు. ఆయన చెరువు పక్కది వెంకట్రాజుది. జబ్బు చేసిన తన చెరువు నీళ్లు వెంకట్రాజు కాలవలోకి వదిలారని ఒకప్పుడు వీళ్లిద్దరికీ తగాదా వచ్చింది. ఆ రోజే తాతాజీ వెంకట్రాజు దగ్గర్నుంచి షెడ్డు తాళంచెవి వెనక్కి తెప్పించుకుని, కైకలూరులో ఉండే బావమరిదికి ఇచ్చారు. ఊరందరికీ ఆ సంగతి తెలుసు. లక్ష్మీదుర్గకి కూడా తెలుసు. అందుకే ఆయన బావమరిది పేరు కొట్టడానికి సిద్ధంగా కూర్చుంది.

"వెంకట్రాజు అని రాయి," అన్నారు తాతాజీ.

ఆమె తలెత్తి చూసింది. "మీ పక్క చెరువు వెంకట్రాజు గారేనాండీ?"

"ఇంకో వెంకట్రాజు ఉన్నాడా ఇక్కడ?"

"మీకూ ఆయనకీ మాటల్లేవు కదండీ."

"మాటల్లేకపోతే మాటల్లేవు. చెరువు పక్కనే ఉంది కదమ్మా." ఆయన లేచి చెప్పులేసుకుంటూ ఆగారు. "మా బావమరిది మంచోడే. కానీ పొద్దున్న లేచి వాడు చూసేది కైకలూరు రోడ్డు. వెంకట్రాజు చూసేది నా నీళ్లు. ఈ సంగతి మా ఇంట్లో కూడా తెలియకూడదు సుమా."

తెలియదని ఆమె చెప్పింది.

పంట సగానికి వచ్చాక ఒక తెల్లవారుజామున తాతాజీకి గుండెనొప్పి వచ్చింది. భార్య కనకరత్నం, చెరువు దగ్గర పాత కాపలా మనిషి కలిసి ఆయన్ని ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. చెరువు దగ్గర కొత్తగా చేరిన కాపలా మనిషి ఒక్కడే మిగిలాడు. తెల్లారి చూస్తే తాతాజీ చెరువులో రొయ్య ఊపిరందక అంచులకి వచ్చి పైకి తేలుతోంది. రొయ్య తేలితే నీలం డబ్బాలో మందు చల్లమని పాతాయన చెప్పి వెళ్లాడట. కొత్తాయన డబ్బా మూత తీస్తున్నాడు.

పక్క గట్టు మీంచి వెంకట్రాజు అది చూశారు. నిన్న సాయంత్రం తాతాజీ చెరువులో ఏదో చల్లుతుండగా కూడా ఆయన చూశారు. ఏం చల్లారో తెలియదు. అదే మందు అయితే, దాని మీద మళ్లీ అదే పడితే మిగిలిన ఊపిరీ పోతుంది. వేరేదైతే, ఇప్పుడు ఇది చల్లకపోతే రొయ్య బతకదు. కొత్తాయనని ఆగమని కేకేసి, తాతాజీకి ఫోను చేశారు. ఎన్నాళ్ల తర్వాతో చేసిన ఫోను అది. తాతాజీ ఫోను ఆపేసి ఉంది. కనకరత్నం నంబరు ఆయన దగ్గర లేదు. బావమరిది అప్పటికే ఏలూరు దారిలో ఉన్నాడు, ఆయనకి మందుల సంగతి ఏమీ తెలియదు.

వెంకట్రాజు బండి మీద దుకాణానికి వచ్చేసరికి లక్ష్మీదుర్గ అప్పుడే తాళం తీస్తోంది. తాతాజీ ఫైలు తెరువు, నిన్న ఏ మందు వేశాడో చూడాలి అన్నారు. తన దగ్గర తాళంచెవి లేదని ఆమె చెప్పింది. రాసినదానివి నువ్వే కదా అన్నారు. రాసింది నేనే కాబట్టే లేదండి, అంది.

"అయితే చావనివ్వమంటావా ఆ చెరువుని?"

ఆయన పేరు ఫైలులో ఉందని చెబితే మాట తప్పినట్టు. చెప్పకపోతే ఆయన వెళ్లిపోతారు.

"మీ పాస్‌వర్డు కొట్టి, మీరే అడిగి చూడండి," అంది.

"నాకెందుకిస్తాడమ్మా వాడు?"

"ఇవ్వకపోతే తెరుచుకోదండి. అడగడానికేం."

వెంకట్రాజు చిరాగ్గా కూర్చుని, వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టారు. తాతాజీ చెరువు పేరు నొక్కారు. సొంతదారుకి కబురు వెళ్లింది, ఆగండి అని తెర మీద పడింది. ఇద్దరూ ఆగారు. ఈలోగా లక్ష్మీదుర్గ, నీళ్లు మార్చడానికి సిద్ధంగా ఉండమని వెంకట్రాజు మనుషులకి ఆయన చేతే ఫోను చేయించింది. ఎటైనా పనికొస్తుందని. ఆయన చేతులు కట్టుకుని, ఇది తెరుచుకోదు, ఈ లోపు వెళ్లి నా కళ్లారా చూస్తూ కూర్చోవడం నయం అంటూనే కుర్చీలోంచి లేవలేదు.

పావుగంట గడిచి ఫైలు తెరుచుకుంది.

వెంకట్రాజు తెర వైపు చూశారు. మందు పేరుని కాదు, తెర మీద పైన ఉన్న మాటని. 'పక్క మనిషిగా మీకు అనుమతి ఉంది' అని ఉంది అక్కడ. ఆయన దాన్ని చాలాసేపు చదివారు. చదవాల్సినది అంత లేదు. తర్వాత కిందికి జరిపి నిన్నటి వరస చూశారు. నీలం డబ్బా మందే, నిన్న సాయంత్రమే వేశారు. వెంటనే ఫోను తీసి ఆ డబ్బా మూత పెట్టేయమని అరిచారు. తన చెరువు కోసం నిలవ చేసుకున్న మంచి నీళ్లు తాతాజీ చెరువులోకి మోటారు పెట్టి తోడమన్నారు. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగారు. ఏదో అడగబోయారు. అడగలేదు.

తాతాజీ చెరువు నిలబడింది. కొంత రొయ్య పోయింది, ఎక్కువ మిగిలింది.

వెంకట్రాజు ఆ గదిలోంచి రావడం మేత బస్తాల దగ్గర నిలబడ్డ సుందరరావు చూశాడు. మధ్యాహ్నానికి వెంకట్రాజు మోటారు తాతాజీ చెరువులో నడవడం అందరూ చూశారు. తాతాజీ ఎవరి దగ్గర్నుంచి తాళంచెవి వెనక్కి లాక్కున్నారో ఆ మనిషికి ఆయన ఫైలులోని సంగతి ఎలా తెలిసింది? ఆ పిల్ల చూపించింది. అంతకన్నా వేరే దారి ఎవరికీ కనపడలేదు. మరునాటికి కథలోకి స్కూటీ వచ్చి చేరింది.

ఈరోజు తాతాజీది చూపించింది, రేపు మనది చూపిస్తుంది అని రైతులు ఫైళ్లు తీసేయమనడం మొదలుపెట్టారు. నరసింహమూర్తి లక్ష్మీదుర్గని లోపలికి పిలిచారు. ఆయన కోపంగా లేరు, దిగులుగా ఉన్నారు. ఆ రోజు ఎవరు, ఎలా తెరిచారో కంప్యూటరులో ఉంటుంది కదా, నలుగుర్ని పిలిచి చూపించేయ్, నీ మీద మాట పోతుంది అన్నారు. ఆమెకీ తెలుసు. తెర ఒక్కసారి వాళ్ల వైపు తిప్పితే చాలు. అప్పుడు తాతాజీ ఇచ్చిన పేరు ఊరంతా తెలుస్తుంది, ఆయన ఆసుపత్రి మంచం మీద ఉండగానే.

"అది తాతాజీ గారు చెప్పాలండి. నేను చెప్పకూడదు."

"నీ ఉద్యోగం పోతుందే తల్లీ."

ఆమె తల అడ్డంగా ఊపింది. అయితే సంగతి తేలేదాకా రావొద్దన్నారు ఆయన. ఆమె బ్యాగు సర్దుకుని గుండుగొలను వెళ్లిపోయింది. ఇంట్లో సెలవని చెప్పింది. తండ్రి నమ్మినట్టు తలూపాడు. బస్సులో కథ ఆమెకన్నా ముందే గుండుగొలను చేరిందని ఆమెకి తర్వాత తెలిసింది.

రెండు రోజులు చూసి, ఏలూరు ఆసుపత్రికి వెళ్లింది. తాతాజీని అడగాలనే వెళ్లింది, తన కోసం కొంచెం మాట్లాడమని. గది బయట బెంచీ మీద కనకరత్నం కూర్చుని ఉంది.

"బస్సులో వచ్చావా అమ్మా, కొత్త బండి మీద వచ్చావా?"

"బస్సులోనేనండి పిన్నిగారూ. బాబాయిగారికి ఎలా ఉందండీ?"

"మందిస్తే పడుకున్నారు. చూసి వెళ్దామని వచ్చావా, ఇంకా ఎవరికైనా చూపించాల్సినవి మిగిలిపోయాయా?"

కనకరత్నం గొంతు పెంచలేదు. పక్క బెంచీవాళ్లకి అది పలకరింపులాగే వినపడి ఉంటుంది. లక్ష్మీదుర్గ కళ్లు ఆవిడ ఒళ్లోని సంచీ మీద ఉన్నాయి. సంచీ జేబులో తాతాజీ ఫోను అంచు కనిపిస్తోంది. ఊరికే మోగుతుంటే నర్సు కసురుకుందని, చేర్పించిన పొద్దున్నే ఆపేశానని కనకరత్నం తనంతట తనే చెప్పింది. ఆ ఫోను తెరిస్తే చాలు. ఫలానా పక్క మనిషి అడుగుతున్నారు అని పేరుతో సహా అందులో ఉంది. ఒక్కసారి తెరిచి చూడండి పిన్నిగారూ అంటే ఈవిడ కోపం ఇక్కడే, ఇప్పుడే పోతుంది. సాయంత్రానికి బస్సులో కథ కూడా మారుతుంది.

మా ఇంట్లో కూడా తెలియకూడదు అన్నారు ఆయన.

"పిన్నిగారూ, బాబాయిగారు లేచి కూర్చున్నాక ఆ ఫోను ఆయన చేతికే ఇవ్వండి. ముందు మీరు చూడకండి."

"అదేంటమ్మా? మొగుడి ఫోను పెళ్లాం చూడకూడదా?"

"చూడొచ్చండి. కానీ అందులో ఉన్నది ఆయన నాకొక్కదానికే చెప్పిన మాటండి. మీరు చూస్తే నాకే మంచిది. అయినా వద్దండి."

కనకరత్నం ఆ పిల్ల మొహంలోకి పరీక్షగా చూసింది. సంచీ జేబు మీద చెయ్యి వేసింది, తియ్యలేదు. కాసేపయ్యాక, పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా అని అడిగింది. తిన్నానని లక్ష్మీదుర్గ అబద్ధం చెప్పి లేచింది. తను అడగడానికి వచ్చినది అడగలేదని బస్టాండు దాకా వచ్చాక గుర్తొచ్చింది. వెనక్కి వెళ్లలేదు.

తాతాజీ ఇంటికొచ్చిన వారంలో, నరసింహమూర్తి ఫోను చేసి రమ్మంటే ఆమె దుకాణానికి వెళ్లింది. రైతులు కొందరు చేరి ఉన్నారు. తాతాజీ మేత బస్తాల మధ్య కుర్చీలో కూర్చుని ఉన్నారు, గుండీలు మెడదాకా పెట్టుకుని. పక్కన కనకరత్నం. వెంకట్రాజు అక్కడ లేరు.

"నా ఫైలు తెరిచింది నేను తెరవమన్న మనిషే," అన్నారు తాతాజీ. "ఈ అమ్మాయి తెరవలేదు. తెరవమన్నా తెరవలేదట కూడా. అంతే, ఇంక మీ పనులు చూసుకోండి."

సుందరరావు ఊరుకోలేదు. "ఎవరండీ ఆ మనిషి? జనం వెంకట్రాజంటున్నారు మరి."

"నీ ఫైలుకి నువ్వు ఎవరి పేరిచ్చావో నేనడిగానా సుందరరావూ? అడగమంటావా, ఇక్కడే?"

సుందరరావు తమ్ముడు పక్కనే నిలబడి ఉన్నాడు. ఏం పేరిచ్చావన్నయ్యా అన్నట్టు చూశాడు. సుందరరావుకి ఉన్నట్టుండి మేత బస్తా కుట్టు ఊడిపోయినట్టు కనిపించి దాన్ని సవరించడంలో పడ్డాడు. తక్కిన రైతులు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎవరి మాట వాళ్లకి గుర్తొచ్చి, మెల్లిగా బయటికి నడిచారు. ఆ తర్వాత ఫైలు తీసేయమని ఎవరూ రాలేదు.

నరసింహమూర్తి లక్ష్మీదుర్గ కుర్చీ మీది దుమ్ము తన తువ్వాలుతోనే దులిపారు. కనకరత్నం వెళ్తూ వెళ్తూ ఆమె దగ్గర ఆగి, చెవిలో చెప్పింది. "నేను చూడలేదే అమ్మాయ్. ఆయన్ని అడిగాను, చెప్పలేదు. చెప్పకపోతే పోయె."

పేరు బయటికి రాలేదు కాబట్టి కథ బస్సు దిగలేదు. పేరు లేని జవాబు కన్నా స్కూటీ ఉన్న కథే జనానికి బావుంది. లక్ష్మీదుర్గ కూడా దాన్ని దింపే ప్రయత్నం చెయ్యలేదు. ఒకసారి ఆమె పక్క సీటులోనే కూర్చుని ఒకావిడ ఆమె కథ ఆమెకే చెప్పింది. అలాగాండీ అని వింది.

కొత్త పంటకి రొయ్యపిల్ల సీడు వదిలే ముందు ప్రోగ్రాము అందరినీ పక్క మనిషి పేరు మళ్లీ అడుగుతుంది. అలా ఆమే రాసింది, మనసు మారితే మార్చుకోడానికి వీలుగా. తాతాజీ ఈసారీ అందరికన్నా ఆఖర్నే వచ్చారు. ఆయన వచ్చే వేళకి వెంకట్రాజు బయట ట్రాక్టరులోకి మేత ఎక్కిస్తున్నారు. ఇద్దరూ గుమ్మంలో ఎదురుపడ్డారు. వెంకట్రాజు పక్కకి జరిగి దారిచ్చారు, తాతాజీ లోపలికి వచ్చారు. ఒక్క మాట లేదు.

గదిలో ఇంకెవరూ లేరు. లక్ష్మీదుర్గ తెర మీద పాత పేరు చూపించి, మారుస్తారా అండీ అని అడిగింది.

"అదే ఉంచు," అన్నారు తాతాజీ.

ఆమె అదే ఉంచింది. తాతాజీ ఫైలు తెరవడానికి వెంకట్రాజుకి అనుమతి ఇచ్చింది తాతాజీయే, ఇప్పటికి రెండుసార్లు.